లేక్ ఫోర్క్‌లో బాస్ వేట: నెల కాదు, నీటి వేడి చూడాలి

(డాలస్ చుట్టుపక్కల కొత్తగా గాలం పట్టిన తెలుగువారి కోసం చేసిన ప్రసంగం, చివర్లో అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కింద కూర్చున్నా పర్లేదండీ. ఎరలు చూపించేటప్పుడు దగ్గరగా ఉంటేనే కనిపిస్తాయి.

బాస్ అనే మంచినీటి వేట చేపని పట్టాలనుకునే కొత్తవాళ్ళు ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఏ ఎర వెయ్యాలి?" అది మూడో ప్రశ్న. మొదటిది, ఇవాళ నీటి వేడి ఎంత? రెండోది, ఆ వేడిలో చేప ఎంత లోతులో, దేన్ని ఆనుకుని ఉంటుంది? ఈ రెండూ తేలితే ఎర సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అవి తేల్చుకోకుండా షాపుకెళ్ళి నలభై రంగుల ప్లాస్టిక్ ఎరలు కొంటే షాపువాడు బాగుపడతాడు, అంతే. అందుకే ఇవాళ సంవత్సరం మొత్తాన్నీ నీటి వేడి లెక్కన చెబుతాను. డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. ఇండియాలో వింటున్నవాళ్ళకి గుర్తుగా, 60 అంటే దాదాపు 15.5 సెల్సియస్, 85 అంటే 29.5.

ఉదాహరణకి లేక్ ఫోర్క్ తీసుకుందాం. డాలస్‌కి తూర్పున సుమారు 75 మైళ్ళు, క్విట్‌మన్ ఊరి దగ్గర. సబీన్ రివర్ అథారిటీ కట్టించిన రిజర్వాయరు, 1980లో నీళ్ళు నిలపడం మొదలైంది. విస్తీర్ణం దాదాపు 27 వేల ఎకరాలు, ఎక్కువ లోతు 70 అడుగులు. చెరువు నిండక ముందే ముంపు ప్రాంతంలోని కుంటల్లో ఫ్లోరిడా జాతి బాస్ పిల్లల్ని వదిలారు, అవి ఇక్కడి జాతి కంటే బాగా పెరుగుతాయి. చెట్లు కూడా చాలాచోట్ల కొట్టకుండానే ముంచేశారు. ఆ మోడులు ఇప్పటికీ నీళ్ళలో నిలబడే ఉన్నాయి, కొన్ని పైకి కనిపిస్తాయి, కొన్ని నీటికి అడుగు కింద దాక్కుంటాయి. చేపకి అవి ఇళ్ళు, పడవ మోటారుకి యముళ్ళు. టెక్సస్ రికార్డు లార్జ్‌మౌత్ బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో ఇక్కడే పడింది. అదీ బాస్ కోసం వేసిన ఎరకు కాదు, క్రాపీలనే వేరే జాతి చేపల కోసం వేసిన బతికున్న చిన్న చేపకు. ఆ సంగతి మనసులో పెట్టుకోండి, చలికాలం గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

ఎరల కంటే ముందు నిబంధన చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. టెక్సస్‌లో మామూలు నియమం ఏమిటంటే 14 అంగుళాల కంటే చిన్న బాస్‌ని వదిలెయ్యాలి. ఫోర్క్‌లో లెక్క తలకిందులు. 16 అంగుళాలు, అంతకంటే చిన్నవి ఉంచుకోవచ్చు. 16 కీ 24 కీ మధ్యవి వెంటనే నీళ్ళలోకి వెళ్ళాలి. 24, ఆపైన ఉన్నది రోజుకి ఒక్కటే. మొత్తం కలిపి రోజుకి ఐదు. ఎందుకంటే మధ్య సైజు చేపల్ని కాపాడితేనే పెద్దవి తయారవుతాయి, చిన్నవాటిని తీస్తే మిగిలినవాటికి మేత మిగులుతుంది. కొలిచేటప్పుడు చేపని పక్కకి పడుకోబెట్టి, నోరు మూసి, తోక రెండు కొసలనీ దగ్గరికి నొక్కి కొలవాలి. తోక విప్పి కొలిస్తే పావు అంగుళం తేడా వస్తుంది. జరిమానా పడటానికి ఆ పావు చాలు.

లైసెన్సు 17 ఏళ్ళు నిండినవాళ్ళకి కావాలి. మామూలు ఏడాది లైసెన్సు మీరు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జూలైలో మొదలుపెట్టేవాళ్ళు కొన్నరోజు నుంచి ఏడాది నడిచే రకం తీసుకోవడం నయం.

సరే, సీజన్ ఫిబ్రవరి నుంచి మొదలుపెడదాం. నీరు 50 నుంచి 58 మధ్య. చేప లోతులోంచి బయల్దేరి గుడ్లు పెట్టే చోటు వైపు నడుస్తుంటుంది, కానీ ఇంకా చేరలేదు. వాగు పాత గాడి వంపు తిరిగి గట్టుకి దగ్గరగా వచ్చే చోట, పాయ మధ్యలోకి పొడుచుకొచ్చిన మూలల మీద, 5 నుంచి 10 అడుగుల్లో, హైడ్రిల్లా గడ్డి అంచున ఆగుతుంది. పాయలన్నిట్లోనూ ఉత్తరపు గట్టు ముందు వేడెక్కుతుంది. ఎందుకంటే చలికాలపు ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఆ గట్టు మీద పడుతుంది, ఉత్తరపు గాలికి అదే గట్టు అడ్డం. మధ్యాహ్నం మూడింటికి పెద్ద నీటిలో 52 ఉన్నా అలాంటి మూలల్లో 57 చూడొచ్చు. ఆ ఐదు డిగ్రీలే తేడా. ఫిబ్రవరిలో తెల్లవారుజామున లేచి పరిగెత్తడం దండగ. హాయిగా టిఫిన్ చేసి పదకొండింటికి దిగండి.

ఇప్పుడు ఎర. అర ఔన్సు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్, ఎరుపు రంగు. ఇదిగో, ముందు పెదవి లేని బల్లపరుపు ఎర, లోపల గుళ్ళు గలగలమంటాయి. వసంతంలో రొయ్యలాంటి క్రాఫిష్ ఎర్రబడతాయి, ఈ రంగు వాటికి పోలిక. విసిరి, గడ్డి కొసలు తగిలే వేగంలో చుట్టాలి. తగిలాక ఆపేసి చుట్టకూడదు, రాడ్డు ఒక్కసారి పైకి లాగి గడ్డి నుంచి పీకాలి. చేప కొట్టేది ఆ పీకిన క్షణంలోనే. కొత్తవాళ్ళు గడ్డి తగలగానే చిరాకుపడి ఎర పైకి తెచ్చేసుకుంటారు. గడ్డి తగలకపోతే ఎర చేప ఉన్న చోట లేదని అర్థం.

ఈ నెలల్లో కోల్డ్ ఫ్రంట్, అంటే ఉత్తరం నుంచి దూసుకొచ్చే చలిగాలి, అన్నిటినీ తిరగేస్తుంది. ముందురోజు మబ్బు, దక్షిణపు గాలి, చేపలు బాగా తింటాయి. ఫ్రంట్ దాటాక ఆకాశం నీలంగా, గాలి ఉత్తరం నుంచి, లోతు తక్కువ చోట్ల నీరు రాత్రికి రాత్రే నాలుగైదు డిగ్రీలు పడిపోతుంది. చేప ఎక్కడికీ వెళ్ళదు, దగ్గర్లోని మోడునో గడ్డి దుబ్బునో కరుచుకుని కదలకుండా ఉంటుంది. అప్పుడు గలగలలాడే ఎర తీసేసి, మూడు ఎనిమిదో వంతుల ఔన్సు జిగ్గు (సీసపు తల ఉన్న కొక్కెం ఎర) కట్టి మోడు మొదట్లోకి దించి, పది సెకన్లు ఊరుకోండి. ఊరుకోవడం కూడా ఒక విద్యే.

నీరు 60 దాటితే మగచేప గట్టు దగ్గరికి వస్తుంది. ఇసుకో గులకో ఉన్న గట్టి నేల మీద, ఎక్కువగా 2 నుంచి 5 అడుగుల లోతులో, తోకతో ఊడ్చి దాదాపు రెండడుగుల వెడల్పు గూడు చేస్తుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. గుడ్లకీ పిల్లలకీ కాపలా మగదే. తూర్పు టెక్సస్‌లో ఇది ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్ వరకు విడతలు విడతలుగా జరుగుతుంది, అన్నీ ఒకేసారి పెట్టవు. 60 నుంచి 68 వరకు ముఖ్యమైన కాలం. మంచి పోలరైజ్డ్ కళ్ళజోడు ఉంటే గూళ్ళు లేత రంగు గుండ్రాల్లా కనిపిస్తాయి. గూటి మీది చేప ఆకలికి కాదు, కోపానికి ఎరని నోట పట్టుకుని బయటికి విసిరేస్తుంది. ఎర గూటికి అవతల వేసి, నెమ్మదిగా లోపలికి లాగి, అక్కడే వణికించాలి. పట్టారా, ఫోటో తీసి వెంటనే అదే చోట వదలండి. ఐదు నిమిషాలు మగచేప లేకపోతే గుడ్ల మీదికి బ్లూగిల్స్ అనే చిన్న చేపలు ఎగబడతాయి. నన్నడిగితే, గూళ్ళ మీద వేట అసలు మానేసి, పక్కనే 6 నుంచి 8 అడుగుల్లో ఆగి ఉన్న, ఇంకా గుడ్లు పెట్టని ఆడవాటి కోసం వెతకడమే మేలు. పెద్దవి అవే.

జనవరి 1 నుంచి మార్చి 31 మధ్య 13 పౌండ్లు, ఆపైన పడితే షేర్‌లంకర్ పథకానికి ఇవ్వొచ్చు. 1986 నుంచి నడుస్తోంది. ఫోన్ చేస్తే టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవాళ్ళే వచ్చి చేపని టెక్సస్‌లోనే ఉన్న ఏథెన్స్ ఊళ్ళోని హేచరీకి (చేపపిల్లల కేంద్రానికి) తీసుకెళ్తారు, గుడ్లు పెట్టించి పిల్లల్ని చెరువుల్లో వదులుతారు. 8 పౌండ్లు గానీ 24 అంగుళాలు గానీ దాటితే ఏడాది పొడుగునా పేరు నమోదు చేయించుకోవచ్చు, చేప ఇవ్వక్కర్లేదు.

ఏప్రిల్ చివర, మే నెల. చాలామంది "గుడ్లు పెట్టేశాక చేప తినదు" అంటారు. తింటుంది, సమయం మారుతుంది. ఈ రోజుల్లో షాడ్ అనే చిన్న మేత చేపలు గుడ్లు పెట్టడానికి తెల్లవారుజామున గట్టి వస్తువుల మీదికి వస్తాయి: వంతెనల కింద పేర్చిన రాళ్ళు, గడ్డి అంచులు, బోటు డాకుల డ్రమ్ములు. ఫోర్క్‌లో అయితే 154 హైవే వంతెన, 515 రోడ్డు వంతెన రాళ్ళ దగ్గర చూడండి. నీటి అంచున వెండిలా మెరుస్తూ ఎగురుతుంటే అదే. తెల్ల స్పిన్నర్‌బెయిట్ (గిర్రున తిరిగే రేకులున్న ఎర) గట్టుకి సమాంతరంగా, రాళ్ళని రాసుకుంటూ తిప్పాలి. గట్టుకి అడ్డంగా విసిరితే ఎర మంచిచోట ఉండేది రెండు సెకన్లే. ఎండ నీళ్ళ మీద పడేసరికి ఆట ముగుస్తుంది, సుమారు ఒక గంట. ఇక్కడ మాత్రం పొద్దున్నే లేవక తప్పదు.

అదే కాలంలో తామరాకుల మీద కప్ప ఎర. మన దగ్గర కొరమీనుకి కప్ప వేసినవాళ్ళకి ఇది కొత్త కాదు: ఆకుల మీద దాటిస్తూ, సందు వచ్చినచోట ఆపడం. తేడా ఒకటే. చప్పుడు వినగానే లాగకండి. బాస్ చాలాసార్లు కప్పతోపాటు ఆకునీ నోట్లో వేసుకుంటుంది. లైను బరువు తగిలేదాకా ఆగి, అప్పుడు గట్టిగా లాగాలి. లైను 65 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన దారం) ఉండాలి, కాడల్ని కోసుకుంటూ రావాలి కదా. 12 పౌండ్ల నైలాను కట్టి కప్ప వేస్తే చేపకి కప్పను దానం చేసినట్టే. (నవ్వులు)

ఇక ఎండాకాలం. కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా అదే కదా కాలం, పైగా ఎక్కువమంది నిరాశపడేదీ అప్పుడే. నీరు 85 నుంచి 90. వేడినీరు తేలిక, చల్లనీరు బరువు, రెండూ కలవవు. చెరువుని బట్టి 15 నుంచి 25 అడుగుల మధ్య ఒక పొర ఏర్పడుతుంది, థర్మోక్లైన్ అంటారు. దాని కింద చల్లగా ఉంటుంది కానీ ప్రాణవాయువు ఉండదు. కాబట్టి "ఎండలు ముదిరాయి, చేప అడుక్కి పోయింది, 40 అడుగుల్లో వెయ్యి" అనే సలహా తప్పు. అక్కడ చేప బతకదు. సోనార్ (నీటి కింద ఏముందో తెర మీద చూపించే పరికరం) ఉంటే సెన్సిటివిటీ పెంచండి, తెర మీద అడ్డంగా మసక గీత కనిపిస్తుంది. అదే ఆ పొర. 20 అడుగుల దగ్గర ఉందనుకోండి, మీరు వెతకాల్సింది పైన, 10 నుంచి 18 మధ్య.

ఎక్కడ? చుట్టూ లోతున్నా మధ్యలో పైకి లేచిన దిబ్బలు, ముంపుకి ముందున్న పాత రోడ్లు, పాత కుంటల కట్టలు, వాగు గాడికి ఆనుకుని నిట్రంగా దిగే మూలలు. పాత రోడ్డు ఎందుకంటే అది గట్టి నేల, చుట్టూ బురద. షాడ్ గుంపు దాని మీదుగా వెళ్తుంది, బాస్ గుంపుగా అక్కడే కాపు కాస్తుంది. ఎండాకాలపు బాస్ చెదిరి ఉండదు, పదీ పదిహేనూ ఒక్క గది అంత చోట ఉంటాయి. అందుకే తొమ్మిది చోట్ల ఏమీ పడదు, పదోచోట వరసగా పడతాయి. చేప కనిపించని దిబ్బ మీద గంటసేపు విసరడం కంటే సోనార్‌తో వెతకడానికే సగం రోజు పెట్టండి.

ఎరల్లో ముందు కరోలినా రిగ్. రిగ్ అంటే గుండు, కొక్కెం, ఎర కలిపి కట్టే పద్ధతి. ఇక్కడ కట్టి చూపిస్తాను. అసలు లైను 17 పౌండ్ల ఫ్లోరోకార్బన్. దానిలోకి మొదట ముప్పావు ఔన్సు గుండు, తర్వాత ఒక గాజు పూస, తర్వాత స్వివెల్ (లైను మెలిపడకుండా తిరిగే, రెండు కళ్ళున్న చిన్న లోహపు కీలు) ముడి. పూస ఎందుకు? గుండు నేరుగా ముడికి కొట్టుకుంటే ముడి నలిగి తెగుతుంది, పైగా గుండు పూసకి తగిలి టక్కుమంటుంది. స్వివెల్ అవతలి కంటికి మూడడుగుల లీడరు, అంటే కొక్కేనికి కట్టే చివరి లైను ముక్క, 12 పౌండ్లది. అసలు లైను కంటే లీడరు బలహీనంగా ఉండాలి. మోడుకి చిక్కితే కొక్కెం ఒక్కటే పోతుంది, మొత్తం సరంజామా కాదు. చివర 4/0 సైజు ఆఫ్‌సెట్ (మెడ దగ్గర వంపు ఉన్న) కొక్కెం, దానికి ఆరంగుళాల ప్లాస్టిక్ బల్లి. విసిరాక గుండు నేలని తాకేదాకా లైను వదలాలి. తర్వాత రాడ్డుని పక్కకి, నేలకి సమాంతరంగా ఈడ్చాలి. పైకి ఎత్తితే గుండు లేస్తుంది, నేల సంగతి తెలియదు. బురదైతే మెత్తగా, గులకైతే గరగరా చేతికి తెలుస్తుంది. ఆ గరగర ఉన్నచోటే రెండోసారి వెయ్యండి. చేప పట్టినప్పుడు టక్కుమనదు, తడిబట్ట లాగినట్టు బరువుగా ఉంటుంది. అప్పుడు రాడ్డు పక్కకే బలంగా ఊడ్చాలి.

డీప్ క్రాంక్‌బెయిట్ రెండోది. చేప 14 అడుగుల్లో ఉంటే 18 అడుగులు దిగే ఎర కావాలి, నేలని ఢీకొని పక్కకి తప్పుకున్నప్పుడే కొడుతుంది. దిగడం లేదని ఫిర్యాదు చేసేవాళ్ళ రీలు చూస్తే 17 పౌండ్ల లైను ఉంటుంది. లావు లైనుకి నీటి రాపిడి ఎక్కువ, 10 గానీ 12 గానీ వాడండి. రీలు 5:1 గేరుది, అంటే పిడి ఒకసారి తిప్పితే లైను కండె ఐదుసార్లు తిరిగేది. 7:1 దానితో తిప్పితే గంటకే మణికట్టు పోతుంది. రాడ్డు మెత్తటిది, చేపని ఒక్కసారి లాగకుండా ఒత్తిడి పెడుతూ రావాలి. మూడు ముళ్ళ చిన్న కొక్కేలు గట్టిగా లాగితే నోరు చిరిగి ఊడిపోతాయి.

పొద్దున అరగంట, సాయంత్రం అరగంట గట్టు దగ్గర నీటి పైన తేలే ఎరలు కూడా పనిచేస్తాయి. మధ్యాహ్నం మాత్రం గట్టు వదిలెయ్యండి. లేదా రాత్రి వెళ్ళండి, పదంగుళాల నల్ల వార్మ్‌తో (ప్లాస్టిక్ వానపాము). పగలు 102 ఉన్న రోజున అదే తెలివైన పని.

వార్మ్ అన్నాను కాబట్టి టెక్సస్ రిగ్ కూడా చూపించేస్తాను, ఏడాది పొడుగునా పనికొచ్చేది ఇదొక్కటే. బుల్లెట్ గుండు పావు ఔన్సుది, మొన రాడ్డు వైపు ఉండేలా లైనులోకి. 4/0 కొక్కేనికి పాలోమర్ ముడి: లైను రెండు పోగులుగా మడిచి కంట్లోంచి దూర్చి, వదులుగా మామూలు ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి కొక్కేన్ని దాటించి, ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించాలి. తడపకపోతే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ అక్కడే సగం చచ్చిపోతుంది. పెద్దచేప పడినప్పుడు తెగేది ఆ ముడి దగ్గరే. ఇప్పుడు వార్మ్ తల మధ్యలోకి మొన పావు అంగుళం గుచ్చి పక్కనుంచి బయటికి తీసి, కంటి దాకా లాగి, కొక్కేన్ని సగం తిప్పండి. కొక్కెం వంపు వార్మ్ మీద ఎక్కడ పడుతుందో ఆనించి చూసి, అక్కడే గుచ్చి, మొనని అవతలి చర్మం కింద దాచండి. ఇప్పుడు పట్టుకుని చూడండి, వార్మ్ తిన్నగా వేలాడాలి. గూని వచ్చిందంటే నీళ్ళలో గిర్రున తిరుగుతుంది, లైను మెలిపడుతుంది, చేప ముట్టదు. చేప పడకపోవడానికి సగం కారణం ఇదే అనుకోవచ్చు.

రంగుల గురించి అడుగుతారని తెలుసు. నీరు తేటగా ఉంటే గుమ్మడి ఆకుపచ్చ, మురికిగా ఉంటే నలుపు-నీలం. రెండు చాలు.

ఆకురాలు కాలం తొందరగా చెప్పేస్తాను, అందులో చిక్కుముళ్ళు లేవు. నీరు 80 నుంచి 70కి దిగుతుంటే షాడ్ గుంపులు పాయల చివర్లకి వెళ్తాయి, బాస్ వాటి వెనకే. సోనార్ కంటే కొంగల్ని నమ్ముకోండి. కొంగ కాపు కాసే గట్టు దగ్గర మేత ఉంటుంది. రెండు మూడు అంగుళాల ఎరలు, స్క్వేర్‌బిల్ (చదరపు పెదవి ఉన్న) క్రాంక్‌బెయిట్. ఒకటి జాగ్రత్త: పైనీరు చల్లబడి ఎండాకాలపు పొర విరిగినప్పుడు అడుగు నీరు పైకి కలుస్తుంది, నీరు కుళ్ళుకంపు కొడుతుంది, చేప కొన్నాళ్ళు మొద్దుబారుతుంది. పాయల చివర్లలో లోతు తక్కువ కాబట్టి అక్కడ ఆ బాధ ఉండదు.

చలికాలం, నీరు 45 నుంచి 52. ఫ్లోరిడా జాతికి చలి పడదు, నెమ్మదిస్తుంది కానీ తింటుంది. ఇందాక చెప్పిన రికార్డు చేప ఈ కాలంలోనే, చిన్న ఎరకే పడింది. సస్పెండింగ్ జెర్క్‌బెయిట్ రెండు కుదుపులు కుదిపి పది పదిహేను సెకన్లు ఆపాలి. గడియారం చూసుకోండి, మనకి పది అనిపించేది నిజానికి నాలుగు. ఎర తేలిపోకుండా, మునగకుండా నిలబడుతుందా అని పడవ పక్కనే వేసి చూసుకోవాలి. నీరు చల్లబడితే తేలే గుణం మారుతుంది. తేలుతుంటే కొక్కేనికి సన్నటి సీసపు తీగ చుట్టండి. మరీ చలి చేసి నీరు 40 దగ్గరికి దిగితే షాడ్ చచ్చి గిలగిలా కిందికి రాలుతాయి, అప్పుడు వాటి కింద దించే జిగ్గింగ్ స్పూన్ అనే లోహపు ఎరకి మించింది లేదు.

చేపని పట్టుకునే పద్ధతి. చేతులు తడిపి ముట్టుకోండి, పొడిచేతికి దాని జిగురు పొర ఊడి పుండు పడుతుంది. చిన్నది కింది పెదవి పట్టి నిట్టనిలువుగా వేలాడదీయొచ్చు. పెద్దదాన్ని పెదవితో అడ్డంగా ఎత్తి ఫోటోకి పట్టుకుంటే దవడ కీలు తొలుగుతుంది, రెండో చెయ్యి కడుపు కింద పెట్టాల్సిందే. కొక్కెం గొంతులో దిగితే పీకకండి, లైను దగ్గరగా కత్తిరించి వదిలితే బతికే అవకాశమే ఎక్కువ. ఎండాకాలం వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి నీటి బయట అరనిమిషం దాటించకండి.

పడవ మీద లైఫ్ జాకెట్. టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవ నడుస్తున్నప్పుడు 13 ఏళ్ళలోపు పిల్లలు వేసుకునే తీరాలి. పెద్దవాళ్ళు వేసుకుంటే చట్టం అడ్డుకోదు. (నవ్వులు) ఫోర్క్‌లో మార్కు చేసిన పడవ దారి దాటితే వేగం తగ్గించండి, మోడులు నీటి కిందే ఉంటాయి. మోటారు ఆగిపోయే తాడు నడిపేవారి జాకెట్‌కి తగిలించుకోవాలి. ఉరుము వినబడితే ఒడ్డుకి. చేతిలో ఉన్న గ్రాఫైట్ రాడ్డు కరెంటుని బాగా పట్టుకుంటుంది.

ఇంక మీ ప్రశ్నలు.

ప్రశ్న: అన్నా, బెయిట్‌కాస్టర్ రీలుతో విసిరిన ప్రతిసారీ లైను గూడు కట్టేస్తోంది. స్పిన్నింగ్‌కి మారిపోనా?

మారక్కర్లేదు తమ్ముడూ. ఎర నీళ్ళలో పడ్డాక కూడా స్పూల్ (లైను చుట్టిన కండె) తిరుగుతూ ఉండటమే కారణం. పక్కనున్న చిన్న నాబ్ బిగించి, బొటనవేలు తీసేసి ఎర వదిలి చూడు. నెమ్మదిగా దిగి, నేలకి తగలగానే స్పూల్ ఆగాలి. బ్రేకు మొదట ముప్పావు వంతు పెట్టుకో. ఎర నీటిని తాకే ముందు బొటనవేలు స్పూల్ మీద పడాలి. గాలికి ఎదురుగా, తేలిక ఎరతో నేర్చుకోకు. అర ఔన్సు ఎరతో, గాలి వెనక నుంచి వచ్చేలా నిలబడి మొదలుపెట్టు. పావు ఔన్సు లోపు ఎరలకి ఎలాగూ స్పిన్నింగే మేలు.

ప్రశ్న: వానపాములతో పట్టకూడదాండీ? పిల్లలకి అదే తేలిక.

పట్టొచ్చమ్మా, పిల్లలకి అదే మంచిది. బాస్ కంటే బ్లూగిల్స్ ఎక్కువ పడతాయి, పిల్లలకి కావలసింది అదేగా. బెండు కింద రెండడుగుల్లో, 8వ నంబరు కొక్కెం, పాము ముక్క చిన్నదిగా. మొత్తం పాము వేలాడేస్తే కొసలు కొరుక్కుని పోతాయి. పెద్ద వానపాము వేస్తే బాస్ లోపలిదాకా మింగేస్తుంది, అందుకని దానికైతే సర్కిల్ కొక్కెం (మొన లోపలికి వంగినది) వాడండి, అది ఎక్కువగా పెదవి మూలకే తగులుతుంది.

ప్రశ్న: పులుసుకి బాస్ బాగుంటుందా?

అడుగుతారని తెలుసు. ఫోర్క్‌లో 16 అంగుళాల లోపువి తెచ్చుకుంటే చెరువుకీ మేలే, నిబంధన ఉన్నదే అందుకు. కాకపోతే మాంసం మెత్తన, పులుసులో విడిపోతుంది. వేపుడు చేసుకోండి. పులుసుకి క్యాట్‌ఫిష్ పట్టుకురండి. ఇంకో మాట, ఇక్కడెక్కడైనా ప్రాణంతో ఉన్న కొరమీను దొరుకుతుందేమో అని వెతకొద్దు. టెక్సస్‌లో దాన్ని బతికుండగా దగ్గర పెట్టుకోవడం నేరం.

ప్రశ్న: పడవ లేదండీ. ఫ్రిస్కో నుంచి దగ్గర్లో గట్టు మీద నుంచి ఎక్కడ?

రే రాబర్ట్స్ చెరువు. అక్కడి స్టేట్ పార్కులో, ఐల్ డు బోయిస్ వైపు గానీ జాన్సన్ బ్రాంచ్ వైపు గానీ. స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచి పడితే లైసెన్సు కూడా అక్కర్లేదు, పార్కు ప్రవేశ రుసుము ఉంటుంది, చేపల సైజు నిబంధనలు మాత్రం మామూలే. ఏప్రిల్‌లో వెళ్ళండి, నీరు 65 దాటాక. గాలి ఏ గట్టుకి కొడుతుందో చూసి ఆ గట్టునే నిలబడండి, విసరడం కష్టమైనా సరే. గాలి నాచుని తోస్తుంది, నాచు వెంట షాడ్, షాడ్ వెంట బాస్. ఒక రాడ్డు, పావు ఔన్సు బుల్లెట్ గుళ్ళు ఐదు, 3/0 కొక్కేలు ఒక పాకెట్టు, గుమ్మడి ఆకుపచ్చ వార్మ్‌లు ఒక పాకెట్టు, ఒక తెల్ల స్పిన్నర్‌బెయిట్, కటింగ్ ప్లయర్, కొలబద్ద. నీళ్ళలోకి నేరుగా కాకుండా గట్టు వెంట ఏటవాలుగా విసరండి, చేప చాలాసార్లు మీ కాళ్ళకి పదడుగుల దూరంలోనే ఉంటుంది. దిగీ దిగగానే నీళ్ళలోకి నడిచేస్తే దాన్ని మీరే తోలేసినట్టు.